మండె కట్టిన వడ్లు, ఉపవాసి కాలేయం

వానాకాలపు నాట్లకు ముందు, జూన్ నెలలో ఒక సాయంత్రం. అస్ర్ నమాజు ముగిసింది. మా మద్రసాలో పిల్లలు పాఠాలు వల్లె వేస్తున్నారు. జైపూర్ చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చేవారిలో ఒక రైతు బిడ్డ ఉన్నాడు. వాడు చదువుతున్నది ఆపి, "ఉస్తాద్, ఒక సంగతి అడగనా?" అన్నాడు. అడగమన్నాను. "మా అబ్బా వడ్లు మండె కట్టిండు. గోనెసంచిలో చెయ్యి పెడితే వెచ్చగ ఉన్నది. మొలకొచ్చిన గింజ నమిలితే తియ్యగున్నది. బియ్యం నోట్లో వేసుకుంటే అట్ల ఉండదు గదా! ఆ తీపి ఎక్కడ్నుంచి వచ్చిందండీ?"

నేను తఫ్సీరు, హదీసు, ఫిఖ్హ్ చదువుకున్నవాణ్ణి. జీవశాస్త్రం నా చదువులో భాగం కాలేదు. రేపు చెబుతానని మాటిచ్చి, వాడి పదవ తరగతి పుస్తకమే అడిగి ఇంటికి తీసుకువెళ్లాను. అది చాలక ఒక వ్యవసాయ అధికారినీ, ఒక వైద్య మిత్రుడినీ విసిగించాను. మరునాడు చెప్పవలసిన సమాధానం నాకు సరిగా అర్థమయ్యేసరికి నెల గడిచింది. అది అర్థమైన తరువాత, అంతకు కొన్నేళ్ల ముందు రమజాన్‌లో మా మస్జిదులో జరిగిన ఒక సంఘటన కూడా కొత్తగా అర్థమైంది. ఈ నెల ఆ రెండింటినీ పాఠకుల ముందుంచుతున్నాను.

వడ్లగింజలో అధికభాగం పిండిపదార్థమే. గింజ కొనలో ఆవగింజకంటే చిన్నదైన పిండం ఒకటి ఉంటుంది. రేపటి మొక్క అదే. వేరు నేలలో దిగి, ఆకు ఎండను అందుకొనే వరకు ఆ పిండానికి పక్కనున్న పిండిపదార్థమే ఆహారం. కాని దానిని ఉన్నది ఉన్నట్లుగా అది తినలేదు. పిండి నీటిలో కరగదు, కదలదు. అది చక్కెరగా మారితేనే కరిగి పిండాన్ని చేరుతుంది. వడ్లను ఒక రోజు నానబెట్టి మండె కట్టినప్పుడు లోపల జరిగే పని ఇదే. నీరు తగిలిన పిండం జిబ్బరెల్లిన్ అనే పదార్థాన్ని లేశమాత్రంగా విడుదల చేస్తుంది. పిండిని చుట్టి ఒక పలుచని పొర ఉంటుంది. మిల్లులో తవుడుతో పాటు రాలిపోయేది ఆ పొరే. జిబ్బరెల్లిన్ అక్కడికి చేరి కబురు అందిస్తుంది. కబురందిన పొర అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసి పిండిలోకి వదులుతుంది. పిండి చక్కెర అవుతుంది. కుర్రవాడి నాలుకకు తగిలిన తీపి అదే. గింజ శ్వాసించడం వలన పుట్టిన వేడిమే సంచిలో వాడి చేతికి తగిలింది.

ఈ విషయాన్ని 1960 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో పేలెగ్, జపాన్‌లో యోమో అనే శాస్త్రవేత్తలు బార్లీ గింజల మీద వేర్వేరుగా నిరూపించారు. గింజను సగానికి కోసి, పిండం లేని సగాన్ని నీటిలో ఉంచితే అది పిండిగానే మిగిలిపోయింది. అదే నీటిలో రవ్వంత జిబ్బరెల్లిన్ కలిపితే, పిండం లేకపోయినా, ఆ సగం కరిగి చక్కెర అయింది. నాకు ఈ ప్రయోగం ఎంతో నచ్చింది. పిండి ఉన్నది, పొర ఉన్నది, నీరున్నది. కబురు మాత్రమే లేదు.

కబురు అందకుండా ఆపే పదార్థం కూడా గింజలో ఉన్నది. దాని పేరు అబ్సిసిక్ ఆమ్లం. కోతకు వచ్చిన గింజ వెన్నుమీదనే మొలకెత్తకుండా దానిని నిద్రపుచ్చేది ప్రధానంగా అదే. ఈ నిద్ర కొన్ని వరి రకాలలో గాఢంగా ఉంటుంది, కొన్నింటిలో పలుచగా ఉంటుంది. యాసంగి కోతల వేళ అకాల వర్షం కురిసి, రోడ్ల మీద ఆరబోసిన కుప్పలలో వడ్లు మొలకెత్తడం మన ప్రాంతపు రైతులు చూసినదే. మొలకెత్తిన ధాన్యాన్ని కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. నిద్రపుచ్చే కబురు బలహీనమై, మేలుకొలిపే కబురు గెలిచినందుకు ఒక కుటుంబం ఆరునెలల కష్టం పోగొట్టుకుంటుంది.

జిబ్బరెల్లిన్ బయటపడిన తీరు కూడా వరిపొలంలోని నష్టం నుండే. తైవాన్ జపాను పాలనలో ఉన్న రోజులవి. కొన్ని వరి నారుమొక్కలు పాలిపోయి, తోటివాటికంటే అమాంతం పొడవు పెరిగి, నిలబడలేక పడిపోయేవి. జపాను రైతులు దానిని 'తెలివిమాలిన నారు' తెగులని పిలిచేవారు. 1926లో కురోసావా అనే శాస్త్రవేత్త, ఆ తెగులు కలిగించే శిలీంధ్రాన్ని పెంచిన ద్రవాన్ని వడగట్టి ఆరోగ్యమైన నారుకు ఇచ్చి చూశాడు. ఆ నారు కూడా అలాగే పొడవు సాగింది. ఆ ద్రవంలో ఉన్నది జిబ్బరెల్లిన్. మొక్క తనకు తాను పంపుకొనే కబురునే శిలీంధ్రం అతిగా పంపిందన్నమాట.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ మన తెలుగు నేల మీద జరిగింది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి వరిని విడుదల చేసింది. మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు దానిని సాగుచేసి, మంచి దిగుబడి తీసి, తోటి రైతులకు విత్తనం అందించారు. ఆయనకు 'మిస్టర్ ఐఆర్-8' అనే పేరే స్థిరపడింది. మన పెద్దల కాలపు పొడుగు వరికి ఎరువు ఎక్కువ వేస్తే గడ్డి ఏపుగా పెరిగి, కంకి బరువుకు పడిపోయేది. ఐఆర్-8 పడిపోలేదు. దాని పొట్టితనానికి కారణమైన జన్యువు ఏమిటన్నది 2002లో తేలింది. జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టును నడిపే జన్యువు ఆ రకంలో దెబ్బతిన్నది. కబురు కొంచెం తగ్గింది, కాండం పొట్టిదైంది, మొక్క నిలబడింది. హరిత విప్లవం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. అందులో ఒక హార్మోను కొరత ఇంత పని చేసిందని ఎవరూ చెప్పగా వినలేదు.

బొగ్గు నేల మీద ఉంటున్నాము కనుక ఇంకొక్క మాట చెప్పి మొక్కలను విడిచిపెడతాను. విద్యుద్దీపాలు రాకముందు ఐరోపా పట్టణాలలో బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి తీసిన వాయువుతో వీధిదీపాలు వెలిగించేవారు. గొట్టాలు పగిలి వాయువు కారిన చోట చెట్లు అకాలంలో ఆకులు రాల్చేవి. 1901లో రష్యాకు చెందిన నెల్యుబోవ్ అనే యువకుడు తన ప్రయోగశాలలో బఠానీ మొలకలు నిటారుగా పెరగక పక్కకు వంగడం గమనించి, గదిలోకి చేరిన ఆ దీపాల వాయువులోని ఇథిలీనే దానికి కారణమని కనిపెట్టాడు. 1934లో ఇంగ్లండులో గేన్ అనే శాస్త్రవేత్త, పండే ఆపిల్ కాయ స్వయంగా ఇథిలీన్‌ను విడుదల చేస్తుందని చూపించాడు. మన ఇళ్లలో మామిడికాయలను వరిగడ్డిలో మాగవేయడం వెనుక ఉన్న రహస్యం ఇదే. కాయ వదిలిన వాయువు గడ్డిలో నిలిచి పక్కకాయకు కూడా పండమని కబురందిస్తుంది. వ్యాపారులు తొందరపడి వాడే కాల్షియం కార్బైడ్ నుండి వచ్చేది ఎసిటిలీన్, అంటే ఒకప్పుడు బజారులో కార్బైడ్ దీపాలలో మండిన వాయువు. అది ఇథిలీన్ గొంతును అనుకరిస్తుంది. కాని కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు ఉంటాయి కనుక దానితో పండ్లను మాగబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం. 2016 నుండి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఇథిలీన్ వాయువునే పరిమితంగా, పది లక్షల పాళ్ల గాలికి వంద పాళ్లకు మించకుండా, అనుమతించింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద మామిడి ముక్కలు పెట్టుకొనే వారికి ఈ తేడా తెలిసి ఉండడం మంచిదే.

ఇక మనిషి శరీరం. ఒక చోట పుట్టి, మరొక చోటికి చేరి, అక్కడ పని చేయించే ఇలాంటి రసాయనిక కబురుకు 'హార్మోను' అనే పేరును 1905లో ఇంగ్లండు వైద్య శాస్త్రవేత్త స్టార్లింగ్ ప్రచారంలోకి తెచ్చాడు. గ్రీకు భాషలో కదిలించేది, పురికొల్పేది అని దాని అర్థం. మన రక్తంలోని చక్కెర విషయంలో రెండు హార్మోనులు ప్రధానం. రెండూ పుట్టేది జఠరం వెనుక ఉండే క్లోమంలోనే. 1869లో లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి క్లోమంలో దీవుల వలె చెదిరి ఉన్న కణాల గుంపులను చూసి వర్ణించాడు. అవి ఏమి చేస్తాయో అతనికి తెలియదు. వాటిలో కొన్ని కణాలు ఇన్సులిన్‌నూ, కొన్ని గ్లూకగాన్‌నూ తయారుచేస్తాయి.

ఆరోగ్యవంతుని రక్తమంతటిలో ఒక్కసారికి ఉండే గ్లూకోజు ఎంతో తెలుసా? నాలుగైదు గ్రాములు. అంటే ఒక చెంచాడు చక్కెర. మనం బిర్యానీ తిన్నా, ఖర్జూరాలు తిన్నా, పద్నాలుగు గంటలు ఏమీ తినకపోయినా, ఆ చెంచాడు పెద్దగా పెరగకుండా, తరగకుండా నిలుస్తుంది. తిన్న తరువాత చక్కెర పెరగగానే ఇన్సులిన్ వెలువడి, కండరాలకూ కొవ్వు కణాలకూ తలుపులు తెరవమని చెబుతుంది. మిగిలిన చక్కెరను దాచుకొమ్మని కాలేయానికి చెబుతుంది. కాలేయం దానిని గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. గ్లైకోజెన్‌ను జంతువుల పిండిపదార్థం అంటారు. కాలేయంలో అది దాదాపు వంద గ్రాములు ఉంటుంది. కండరాలలో ఇంకా ఎక్కువే ఉంటుంది గాని, కండరం తాను దాచుకున్నదానిని రక్తానికి తిరిగి ఇవ్వదు, తానే ఖర్చు చేసుకుంటుంది. కాలేయం మాత్రమే ఇస్తుంది.

ఎప్పుడు ఇస్తుంది? గ్లూకగాన్ కబురు వచ్చినప్పుడు. సహరీ తిన్న నాలుగైదు గంటలకు ఇన్సులిన్ తగ్గిపోతుంది. గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయంలో నిలవ ఉన్న పిండి మెల్లమెల్లగా చక్కెరగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. మెదడు దానితోనే నడుస్తుంది. జుహ్ర్ వేళ ఖుర్ఆన్ పారాయణం చేస్తున్న ఉపవాసి కాలేయంలో జరిగేదీ, మండె కట్టిన గోనెసంచిలో జరిగేదీ ఒకే కోవకు చెందిన పని అని నాకు తెలిసిన రోజున, రైతు బిడ్డకు చెప్పవలసిన జవాబు సిద్ధమైంది.

ఆ రోజునే పాత సంఘటన కూడా జ్ఞాపకం వచ్చింది.

2019లో రమజాన్ మే నెలలో వచ్చింది. మన బొగ్గు ప్రాంతపు మే నెల ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. సహరీ నుండి ఇఫ్తార్ వరకు పద్నాలుగున్నర గంటలు. గనిలో కోల్ ఫిల్లర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన మా మస్జిదుకు ఐదు పూటలా వచ్చేవారు. అందరమూ చాచా అంటాము. షుగర్ వ్యాధికి చాలా ఏళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఒక రోజు అస్ర్ తరువాత ఆయన స్తంభానికి ఆనుకొని కూర్చుండిపోయారు. అంత ఎండలో ఆయనకు చల్లని చెమటలు. చేతులు వణుకుతున్నాయి. ఎప్పుడూ పిల్లలను కసురుకోని మనిషి, నీళ్లు తెచ్చిన పిల్లవాడిని అకారణంగా కసిరారు. మాట తడబడింది. ఎవరో చక్కెర కలిపిన నీరు తెచ్చారు. మరొకరు, "ఇంకా గంటే ఉన్నది కదా, కొంచెం ఓర్చుకుంటే..." అన్నారు. అందరూ నా వైపు చూశారు.

ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఉపవాసం విరమించాలన్న ధర్మశాస్త్ర నియమాన్ని నేను పాతికేళ్లుగా పాఠం చెబుతున్నాను. అయినా ఆ క్షణంలో వెంటనే నోరు విప్పలేదు. వడదెబ్బ అనుకున్నాను. గాలి తగిలితే తేరుకుంటారనుకున్నాను. మందుల దుకాణంలో పనిచేసే ఒక యువకుడు వరుసలు దాటుకుంటూ వచ్చి, "షుగర్ పడిపోయింది ఉస్తాద్, ఆగొద్దు" అని గ్లాసు అందుకొని తాగించాడు. పావుగంటకు చాచా తేరుకున్నారు. తేరుకోగానే ఏడ్చారు. "మౌల్వీ సాబ్, నా రోజా పోయింది" అన్నారు. ఆ యువకుడు రాకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు నిలవదు.

ఆయన ఆ రోజు సహరీకి ఆలస్యంగా లేచారట. అన్నం తినే సమయం లేక, మంచినీళ్లతో మాత్ర మాత్రం వేసుకున్నారట. ఎప్పుడూ ఉదయం వేసుకొనే మాత్రనే సహరీకి మార్చుకున్నారు. వైద్యుణ్ణి అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు, మేమెవరమూ చెప్పలేదు.

మా వైద్య మిత్రుడు వివరించిన విషయం ఇది. ఆరోగ్యవంతుని క్లోమం రక్తంలోని చక్కెరను ఎల్లప్పుడూ గమనిస్తూ ఉంటుంది. ఆహారం రాకపోతే ఇన్సులిన్‌ను తగ్గించేస్తుంది. కాని గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు చక్కెర ఎంత ఉన్నదో చూడవు. క్లోమంలోని కణాలను తట్టి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. ఇన్సులిన్ ఉన్నంతసేపు కాలేయం తన నిలవను విప్పదు. వేసుకున్న మాత్రకు మనం రోజా ఉన్నామని తెలియదు. ఈ మాత్రల పుట్టుక కూడా అటువంటి ప్రమాదంలోనే జరిగింది. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియేలో జాన్‌బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక కొత్త మందు ఇస్తే, వారిలో కొందరికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఆయన సహచరుడు లూబాతియేర్ దాని కారణాన్ని వెదుకుతూ, ఆ మందు క్లోమాన్ని పురికొల్పుతున్నదని నిరూపించాడు. దాని నుండే షుగర్ మాత్రల వంశం మొదలైంది.

ఇన్సులిన్ సూది తీసుకొనేవారి సంగతీ ఇంతే. వేసుకున్న మోతాదు తన సమయం తీరేవరకు పనిచేస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర పడిపోవడం అరుదు. కనుక 'షుగర్ మాత్ర' అని అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. మీ ఇంట్లో పెద్దవారు వాడే మందు పేరేమిటో చూసుకోండి. రమజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే ఆ చీటీ తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లండి. ఉపవాసం ఉండవచ్చునా, ఉంటే ఏ మందు ఏ వేళకు, ఎంత తగ్గించి వేసుకోవాలి అన్నది ఆయన చెప్పాలి. మనమూ కాదు, నేనూ కాదు.

రోజాలో ఉండగా వేలి నుండి రక్తపు చుక్క తీసి పరీక్షించుకుంటే రోజా పోదు. పోతుందని భయపడి పరీక్ష మానేసేవారు మన బస్తీలలో ఎంతోమంది ఉన్నారు. పోషణ కోసం కాని సూది మందు వలన కూడా రోజా భంగం కాదని సమకాలీన ఫుఖహాలలో అత్యధికుల అభిప్రాయం. పరీక్షలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వైద్యులు ఉపవాసం విరమించమంటారు. అప్పుడు ఇఫ్తారుకు పది నిమిషాలే ఉన్నా ఆగరాదు. మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగాలి, పావుగంట తరువాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రోగికీ ప్రయాణికుడికీ అల్‌బఖరా సూరా 184, 185 ఆయతులలో అనుమతి స్పష్టంగా ఉన్నది. తరువాత ఖజా చేసుకోవచ్చు. కోలుకొనే ఆశ లేనివారు ఫిద్యా ఇవ్వవచ్చు. ఇది ధర్మం ఇచ్చిన మార్గమే. దానిని వాడుకోవడం తక్కువతనమని ఎవరైనా అంటే, వారు ఆ ఆయతులను మరొకసారి చదవాలి.

వయసు మళ్లిన మరికొందరు నన్ను అడిగే ప్రశ్న వేరు. "ఇన్సులిన్ పందినుండి తీస్తారట కదా?" అని. ఈ సందేహం నిరాధారమైనది కాదు. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలునికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. బాంటింగ్, బెస్ట్, కాలిప్, మెక్లాయిడ్ అనే నలుగురి కృషి అది. అంతకుముందు ఈ రకం షుగర్ వచ్చిన పిల్లలు బ్రతికేవారు కారు. ఆ మందు పేటెంటును బాంటింగ్, బెస్ట్, కాలిప్‌లు విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక డాలరుకే ఇచ్చేశారు. అప్పటి నుండి అరవై ఏళ్ల పాటు ఇన్సులిన్‌ను కబేళాలలో దొరికే పశువుల, పందుల క్లోమాల నుండే తీశారు. 1978లో మానవ ఇన్సులిన్ జన్యువును సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టి దాని చేత తయారుచేయించడం సాధ్యమైంది. 1982లో అది మందుగా అమ్మకానికి వచ్చింది. నేడు మందుల దుకాణాలలో మనకు లభించే ఇన్సులిన్‌లో అత్యధికం ఈ పద్ధతిలో, బ్యాక్టీరియాలోనో ఈస్టులోనో తయారైనదే. సీసా మీద 'హ్యూమన్' అనే మాట ఉంటే అర్థం అదే. కొత్తరకాలు కూడా అలా తయారైనవే. అనుమానంతో సూది మానేసి ప్రమాదం తెచ్చుకోవద్దు. దుకాణంలో అడిగితే చెబుతారు.

మన హకీములు ఈ వ్యాధిని ఎరుగనివారు కారు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో దీనిని వర్ణించారు. అయితే దాని మూలం క్లోమంలో ఉన్నదని తెలియడానికి 1889 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడు జర్మనీలో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తొలగించి చూశారు. దాని మూత్రంలో చక్కెర కనబడింది.

రైతు బిడ్డకు జవాబు చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే ఉస్తాద్, మొలకొచ్చిన వడ్లకు షుగర్ వచ్చినట్టేనా?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను. వడ్లకు అది వ్యాధి కాదు, సహరీ అని చెప్పాను.

చాచా ఇప్పుడు వేసవి రోజాలు ఉండటం లేదు. వైద్యుడు వద్దన్నాడు. మందు కూడా మార్చాడు. ఫిద్యా బియ్యాన్ని సంచిలో పోసి తానే భుజాన వేసుకొని వచ్చి ఇస్తారు. మా మస్జిదులో నీళ్ల కూజాల పక్కన ఆయనే తెచ్చిపెట్టిన ఒక గాజుసీసా ఉంటుంది. అందులో చక్కెర, ఒక చెంచా. షాబాన్ నెల రాగానే దానిని కడిగి నింపుతారు.